తగినంత అంటే ఎంత?

దోసపాదులు విరగకాసే ఒకానొక రాజ్యాన్ని వెనకటికి మాణిక్యరాయలు అనే రాజు ఏలుతుండేవాడు. చెడ్డవాడు కాదు. పన్నులు మితంగా వేసేవాడు, కాలవలు తవ్వించేవాడు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, పద్ధతి. సభలో ఎవరు ఎన్నో మెట్టు మీద నిలబడాలి, రాజుగారు తుమ్మితే ముందుగా ఎవరు "చిరంజీవ" అనాలి, ఊరేగింపులో ఏనుగు ముందా గొడుగు ముందా, అన్నిటికీ శాసనాలుండేవి. శాసనం లేని పని ఒకటి కంటబడితే ఆయనకు కాలు నిలిచేది కాదు.

ఆ పద్ధతులన్నిటిలోకీ పొడుగైనది భోజనం పద్ధతి.

వంట పూర్తికాగానే ప్రతి పదార్థాన్నీ ముందు తిప్పన తినాలి. విషం ఉందేమోనని రాజుకంటే ముందు తిని చూసే ఉద్యోగం అతనిది. తిప్పన తిన్నాక గడియ గిన్నెను నీళ్ళ తొట్టిలో వదిలేవారు. అడుగున సన్నటి చిల్లి ఉన్న రాగిగిన్నె అది. మెల్లగా నీళ్ళు పట్టి మునిగేసరికి సరిగ్గా ఒక గడియ అవుతుంది. గిన్నె మునిగేవరకూ తిప్పన బతికుంటే వంట మంచిదన్నమాట. అప్పుడు బంగారు పళ్ళేనికి మూతపెట్టి, ముద్ర వేసి, ఏడు వాకిళ్ళు దాటించి తీసుకొచ్చేవారు. వాకిటివాకిటా కాపలావాడు ముద్రను పరీక్షించి తలూపాలి. రాజుగారు పీట మీద కూర్చున్నాక వందిమాగధుడు ఆయన బిరుదులు చదవాలి. బిరుదులు నలభై ఎనిమిది. అవి పూర్తయితేగాని మూత తియ్యకూడదు.

"రాజుగారి భోజనానికి రాజ్యమంతా ఎదురుచూస్తుందనుకుంటారు అందరూ. నిజానికి రాజుగారి భోజనమే ఎదురుచూస్తుంది, నేను పోతానేమోనని" అని తిప్పన స్నేహితుల దగ్గర నవ్వేవాడు. మాట పదునైనదే గాని మనిషి మంచివాడు.

వంటశాల మీద పెద్ద అధికారి వామనభట్టు. మహా పండితుడు. అరవైనాలుగు పచ్చళ్ళకూ తూకాలు కట్టి తాటాకుల మీద గ్రంథం రాశాడు. పచ్చడి బండ మాత్రం ఎన్నడూ పట్టుకోలేదు. ఆయన చేతిలో ఎప్పుడూ కంసాలి త్రాసు ఒకటి వేలాడుతుండేది. ఉప్పుని గురివింద గింజలతో తూచేవాడు.

ఒకనాడు మాణిక్యరాయలు వేటకు వెళ్ళాడు. మధ్యాహ్నం దాటాక పెద్ద వాన కురిసింది. పరివారం ఒక దారిన, రాజుగారి గుర్రం మరొక దారిన పోయాయి. దీపాలు పెట్టే వేళకు ఆయన ముద్దగా తడిసి, ఒక ఊరి మొదట్లో పొగ వస్తున్న ఇంటి ముందు దిగాడు. అది పూటకూళ్ళ ఇల్లు. దారినపోయేవాళ్ళకు డబ్బు తీసుకుని పూటకింత అన్నం పెట్టే ఇల్లన్నమాట. దాన్ని నడిపే ఆవిడ పేరు పేరమ్మ. భర్త పోయాక ఇరవై రెండేళ్ళుగా ఒక రోలు, రెండు పొయ్యిలు పెట్టుకుని బతుకుతోంది.

"మేమెవరమో తెలుసునా?" అన్నాడు రాజు గుమ్మంలో నిలబడి.

పేరమ్మ ఆయన వెనక్కి తొంగిచూసింది. "ఒక్కడివే కనబడుతున్నావు, మేమంటావేమిటి నాయనా? ఇంకా వచ్చేవాళ్ళుంటే ఇప్పుడే చెప్పు. ఎసట్లో ఇంకో సోలెడు బియ్యం పోస్తాను."

"ఒక్కడినే" అన్నాడు రాజు.

"అయితే కాళ్ళు కడుక్కుని రా. ఆ పొడిపంచె చుట్టుకో. తడిబట్టలతో పీట ఎక్కకు."

రాజుతో అలా మాట్లాడినవాళ్ళు అంతకుముందు లేరు. అయినా చెప్పినట్టే చేశాడు.

ఆవిడ మూకుట్లో నూనె పోసి మినప్పప్పు, ఆవాలు, ఇంగువ, ఎండుమిరపకాయలు వేయించింది. ఇల్లంతా ఘాటు కమ్ముకుని రాజుగారు దగ్గాడు. "ఆ దగ్గు చాలు" అని మూకుడు దించేసింది పేరమ్మ. వేపుడంతా రోట్లో వేసి, చింతపండూ ఉప్పూ చేర్చి నూరింది. చివరన దోసకాయ ముక్కలు వేసి, నలిగీ నలగనట్టుగా నాలుగు పోట్లు వేసింది. ఈలోగా అన్నం ఉడికింది. పొయ్యి మీదినుంచి తిన్నగా విస్తట్లోకి వచ్చింది. పక్కన ముద్దపప్పు, పైన నెయ్యి.

రాజు అన్నంలో వేళ్ళు పెట్టాడు. చురుక్కుమంది. గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, వేళ్ళవంక విచిత్రంగా చూసుకున్నాడు.

"ఊదుకుని తిను నాయనా. ఇప్పుడే అన్నం మొహం చూసినట్టు ఆ చూపేమిటి" అంది పేరమ్మ.

ఊదుకుని తిన్నాడు. దోసముక్క పంటికింద కరకరమంది. కారం నాలుక మీదికి పాకేలోగా నెయ్యి వచ్చి దాన్ని బుజ్జగించింది. రాజుగారు మారు వడ్డించుకున్నాడు, ఇంకోమారూ వడ్డించుకున్నాడు. వాన చినుకులు చూరులోంచి జారి పడుతుంటే, ఒంట్లో చలి ఎప్పుడు పోయిందో ఆయనకు తెలియలేదు.

మజ్జిగ దాకా వచ్చేసరికి వెతుక్కుంటూ పరివారం వచ్చిపడింది. సేనాపతి గుమ్మంలోనే సాష్టాంగపడ్డాడు. అప్పుడు తెలిసింది పేరమ్మకు వచ్చినవాడెవరో.

"రాజులైతే మాత్రం మజ్జిగన్నం తినకుండా లేస్తారా ఏమిటి? కూర్చోండి ప్రభూ" అంది. రాజు కూర్చుని తిన్నాడు.

మర్నాడు కోటలో వామనభట్టుకు ఆజ్ఞ అయింది, దోసకాయ పచ్చడి చెయ్యమని. భట్టు తన గ్రంథం తీసి, తూకం కట్టించి, వంటవాళ్ళ చేత చేయించాడు. తిప్పన తిన్నాడు. గిన్నె మునిగింది. ఏడు వాకిళ్ళు దాటింది. నలభై ఎనిమిది బిరుదులూ చదివారు. మూత తీశారు. రాజు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పళ్ళెం పక్కకు తోశాడు.

"ఇది కాదు" అన్నాడు.

పది రోజులు పది రకాలుగా చేశారు. ప్రతిరోజూ అదే మాట. ఆకలి వల్ల ఆనాడు అంత రుచి అనిపించిందేమోనని భట్టు అన్నాడు. రాజుకు అదీ నిజమేమో అనిపించి, ఒకరోజు పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వేటాడి వచ్చి తిన్నాడు. అప్పుడూ అంతే, పచ్చడి చప్పగా నీరుకారిపోయి ఉంది.

"ప్రభూ, ఆవిడ ఏదో దాచింది. పిలిపించి అడిగితే తేలుతుంది" అన్నాడు భట్టు.

పేరమ్మను సభకు పిలిపించారు. భట్టు త్రాసు పట్టుకుని, గంటం చెవి మీద పెట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

"దోసకాయ ఎంత?" అని అడిగాడు.

"ఒకటి."

"ఎంత పెద్దది?"

"చేతికి దొరికింది."

"మిరపకాయలు ఎన్ని?"

"కారాన్ని బట్టి."

"కారం ఎంతో ముందుగా ఎలా తెలుస్తుంది?"

"వేయిస్తుంటే దగ్గొస్తుంది గదయ్యా. దగ్గును బట్టి."

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. భట్టు మొహం ఎర్రబడింది. "పోనీ ఉప్పు ఎంత?"

"తగినంత."

"తగినంత అంటే ఎంత?"

"సరిపోయేటంత."

"సరిపోయేటంత అంటే?"

పేరమ్మ ఆయనవంక జాలిగా చూసింది. "భట్టుగారూ, ఇంట్లో అమ్మగారిని ఒక్కసారైనా అడిగారా ఈ మాట?"

"చూశారా ప్రభూ" అన్నాడు భట్టు. "తగినంత అనేది లెక్క కాదు, దాపరికం. రహస్యమంతా ఆ మాటలోనే దాక్కుని ఉంది."

రాజుకు లెక్కకు అందని మాటలంటే మొదటినుంచీ పడదు. అక్కడికక్కడే శాసనం చెప్పించాడు. "పున్నమి నాటికి ఈమె కోటకు వచ్చి ఆనాటి పచ్చడినే మాకు వండి పెట్టవలెను. ఆనాటి రుచి వచ్చినచో సరి. రానిచో రాజును వంచించిన నేరమునకు ఈమె రోలు జప్తు చేసి, పూటకూళ్ళ ఇల్లు మూయించవలెను."

పున్నమి ఇంక ఎనిమిది రోజులుంది.

పేరమ్మ ఊరు కోటకు నడిచిపోయేంత దగ్గరే; తిప్పన ప్రతి సాయంత్రం తినేది ఆవిడ ఇంట్లోనే. కోటలో రోజంతా పంచభక్ష్యాలు రుచి చూసేవాడికి సాయంత్రమయ్యేసరికి అన్నం మీదికి మనసు పోయేది. ఆ సాయంత్రం అతను వచ్చేసరికి పేరమ్మ కందిపచ్చడి నూరుతోంది. మామూలుకంటే గట్టిగా నూరుతోంది.

"కందిపప్పు మీద ఎందుకు పిన్నీ కోపం? భట్టుగారు ఇక్కడ లేరుగా" అన్నాడు.

"నవ్వులాటగా ఉందా నీకు? ఈ రోలు పోతే నేనేం తిని బతకాలి? వంట తప్ప నాకు ఇంకో విద్య రాదు." కందిపచ్చడిలోకి పచ్చిపులుసు కలిపి అతని విస్తట్లో పోసింది. "నేనేమీ దాచలేదురా తిప్పన్నా. ఒట్టు. ఆనాడు అందరికీ పెట్టినట్టే పెట్టాను. అన్నంలో చెయ్యి పెట్టి వేళ్ళు కాల్చుకున్నాడు, ఊదుకుని తినమన్నాను, తిన్నాడు. అంతే జరిగింది."

తిప్పన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఏమన్నావు? వేళ్ళు కాల్చుకున్నాడా?"

"కాల్చుకుని, ఆ వేళ్ళవంక వింతగా చూసుకున్నాడు. అంత వయసొచ్చింది, వేడన్నం ఎరగడా అనుకున్నాను."

"ఎరగడు పిన్నీ" అన్నాడు తిప్పన మెల్లగా. "నిజంగానే ఎరగడు."

అప్పటికప్పుడు ఆమె చేత కాస్త దోసకాయ పచ్చడి నూరించాడు. ఒక గిన్నెలో పచ్చడి, ఒక ఆకులో అన్నం తీసి మూతపెట్టి పక్కన ఉంచాడు. ఇద్దరూ ఆ మాటా ఈ మాటా చెప్పుకుంటూ కూర్చున్నారు. గడియన్నర పోయాక మూత తీశాడు. ఉప్పుకు దోసముక్కలు నీరు వదిలాయి. గిన్నె అడుగున కారపు నీళ్ళు తేలుతున్నాయి, ముక్క తడిగుడ్డలా మెత్తబడింది. అన్నం చల్లారి పెళ్ళలు కట్టింది. తిప్పన ఒక ముద్ద తిని చూశాడు. తను కొలువులో చేరిన పదకొండేళ్ళుగా కోటలో రోజూ పంపించేది ఇదేనన్నమాట. తను ఎప్పుడూ మొదట తినేవాడే గాని చివర తినేవాడు కాదు గనక తెలియలేదు.

"తెలిసింది గదా, రేపే వెళ్ళి చెప్పు. ప్రభూ, మీ భోజనం చల్లారిపోతోంది అని" అంది పేరమ్మ.

"చెబితే పద్ధతి తప్పన్నట్టు. పద్ధతిని తప్పుపట్టినవాడికి శిక్ష ఏమిటో దానికో శాసనం ఉంది. అది నా మాటతో తెలిస్తే లాభం లేదు, ఆయన నాలుకకే తెలియాలి."

"ఎలా తెలుస్తుంది?"

"నువ్వు పచ్చడి సంగతి చూసుకో. తినడం సంగతి నాకు వదిలెయ్యి."

మర్నాడు తిప్పన సభలో లేచి నిలబడ్డాడు. "ప్రభూ, పేరమ్మ ఏదో దాచిందని భట్టుగారి అనుమానం. వంటశాలలో వండిస్తే చాటుగా ఏదైనా కలిపిందంటారు. అందుచేత భోజనశాలలోనే, తమ పీట ఎదుటనే పొయ్యి పెట్టించి, రోలు వేయించి, తమ కళ్ళముందు వండించడం మంచిది. నేను రుచి చూడడం కూడా అక్కడే జరగాలి, ఎవరికీ అనుమానం లేకుండా."

"సరైన మాట" అన్నాడు భట్టు ఉత్సాహంగా.

"పద్ధతికి విరుద్ధం కాదు గదా?" అన్నాడు రాజు.

"కాదు ప్రభూ. ఎక్కడ వండాలో శాసనంలో లేదు. తమకంటే ముందు నేను తినాలని మాత్రమే ఉంది."

పున్నమి వచ్చింది. పేరమ్మ రోలు ఎడ్లబండి మీద కోటకు చేరింది. నలుగురు మోసి దాన్ని భోజనశాల నడుమ దించారు. సాయంత్రం పూజ ముగించుకుని రాజుగారు పీట మీద కూర్చున్నాడు. ఒక పక్కన భట్టు, త్రాసూ గంటమూ. ఇంకో పక్కన తిప్పన, ఖాళీ విస్తరి ముందు. నీళ్ళ తొట్టి దగ్గర గడియ గిన్నె పట్టుకుని ఒక భటుడు. గోడల వెంట సేనాపతీ, వందిమాగధుడూ, సభవారూ. పేరమ్మ కొంగు దోపుకుని పని మొదలుపెట్టింది.

ఆవిడ చిటికెడు ఉప్పు తీస్తే భట్టు అడ్డుపడి త్రాసులో వేయించాడు. "నాలుగు గురివింద గింజలెత్తు" అని రాసుకున్నాడు. ఆవిడ నూరి, ఇంత అరచేతి వెనక రాసుకుని నాకి చూసి, ఇంకాస్త వేసింది. భట్టు కొట్టివేసి మళ్ళీ రాశాడు. దోసకాయ గింజ కొరికి చూసి, పులుపు తగిలిందని వెయ్యబోయిన చింతపండులోంచి కాస్త తీసేసింది. భట్టు మళ్ళీ కొట్టివేశాడు. తాటాకు నిండిపోయింది గాని లెక్క తేలలేదు.

ముక్కలు వేసి నాలుగు పోట్లు వెయ్యగానే తిప్పన లేచాడు. "ప్రభూ, ఇందులోంచి ఒక గిన్నెడు పచ్చడి, కాస్త అన్నం తీసి, మన పద్ధతి ప్రకారం ముద్ర వేసి, ఏడు వాకిళ్ళూ తిప్పి తీసుకురమ్మని మనవి. పద్ధతి తప్పలేదని రుజువు ఉండాలి."

రాజు మెచ్చుకోలుగా తలూపాడు. గిన్నె ఒకటి అలా వెళ్ళింది. మిగతా పచ్చడి రోట్లోనే ఉంది.

పేరమ్మ పొయ్యి మీది అన్నం తిప్పన విస్తట్లో వడ్డించింది. ఆవిరి పైకి లేచి తిన్నగా రాజుగారి ముక్కు దగ్గరికి పోయింది. ముద్దపప్పు పడింది, నెయ్యి పడింది, రోట్లోంచి పచ్చడి పడింది. తిప్పన ఊదుకుంటూ కలుపుకుని మొదటి ముద్ద తిన్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఏమైంది? విషమా?" అన్నాడు రాజు.

"ఇంకా చెప్పలేను ప్రభూ" అన్నాడు తిప్పన, ఇంకో ముద్ద కలుపుతూ. "ఇది నెయ్యి తగిలిన చోటు. తగలని చోట చూడాలి."

చూశాడు. తర్వాత పప్పుతో కలిపి చూశాడు. పప్పు లేకుండా చూశాడు. విషం అడుగున చేరి ఉండొచ్చునని అడుగునా చూశాడు. దోసముక్క కొరికినప్పుడల్లా ఆ కరకర భోజనశాలంతా వినబడింది. రాజుగారు రెండుసార్లు గుటక వేశాడు. వాసన ఆయన్ని నిలవనివ్వడం లేదు. ఆనాటి వాన, ఆ పీట, ఆ పొడిపంచె, అన్నీ కళ్ళముందుకు వచ్చాయి.

పేరమ్మ రోట్లో తాజాగా ఇంకొన్ని దోసముక్కలు వేసి, రెండు పోట్లు వేసి మారు వడ్డించింది. తిప్పన వద్దనలేదు.

"ఇంకా ఎంత తింటావోయ్?" అన్నాడు రాజు.

"తగినంత ప్రభూ."

"తగినంత అంటే ఎంత?" అన్నాడు రాజు కోపంగా.

"నా మాట కాదు ప్రభూ, శాసనంలో మాట. 'విషము తెలియుటకు తగినంత తినవలెను' అని ఉంది. రాసింది భట్టుగారు. ఎన్ని గురివింద గింజలెత్తో ఆయన్నే అడగాలి."

రాజు భట్టువంక తిరిగాడు. భట్టు గంటం కింద పెట్టి, పైకి చూశాడు. పక్కకు చూశాడు. "అంటే ప్రభూ... మనిషిని బట్టి, పదార్థాన్ని బట్టి... సరిపోయేటంత" అన్నాడు.

పేరమ్మ పప్పు గరిటె పట్టుకుని మొహం అటు తిప్పుకుంది.

తిప్పన విస్తరి ఖాళీ అయింది. "ఇంక గడియ గిన్నె వదలండి. గడియ సేపు నేను బతికి ఉంటే ప్రభువులు భోజనం చెయ్యవచ్చు" అన్నాడు. భటుడు గిన్నెను నీళ్ళలో వదిలాడు. అది తేలుతూ నిలబడింది, మునిగే తొందరేమీ లేనట్టు.

ఇక్కడ మన ఇళ్ళలో ఒక అలవాటు చెప్పాలి. పచ్చడి తీసేశాక రోటి గోడలకు ఎంతో కొంత అంటుకుని మిగులుతుంది. కడిగి పారబొయ్యడానికి ఏ ఇల్లాలికీ చేతులు రావు. అందులో గుప్పెడు వేడన్నం, చెంచాడు నెయ్యి వేసి చుట్టూ తుడిచినట్టు కలుపుతారు. ఆ ముద్దకున్న రుచి విస్తట్లో ముద్దకు రాదు. రోటి దగ్గర కూర్చున్నవాళ్ళకే అది దక్కుతుంది. పేరమ్మ ఇరవై రెండేళ్ళ అలవాటు చొప్పున గుప్పెడన్నం రోట్లో వేసి కలిపింది. ఎర్రగా మెరుస్తున్న ఆ ముద్ద మీదినుంచి ఆవిరి లేచింది.

తిప్పన చెయ్యి చాపాడు. "ఇందులో కూడా చూడడం నా ధర్మం" అన్నాడు.

చెయ్యి రోటిదాకా వెళ్ళనేలేదు. మాణిక్యరాయలు అతని మణికట్టు పట్టుకున్నాడు. పీట మీదినుంచి ఎప్పుడు లేచాడో ఎవరూ చూడలేదు. రాజ్యానికి ప్రభువు, నలభై ఎనిమిది బిరుదులవాడు, రోటి పక్కన గొంతుకూర్చుని ముద్ద తీశాడు. వేళ్ళు కాలాయి. ఊదుకున్నాడు. తిన్నాడు.

వందిమాగధుడు ఉలిక్కిపడి మొదటి బిరుదు అందుకున్నాడు. రాజు నోరు నిండుగా ఉండి, ఆగమన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఇదే" అన్నాడు చివరికి. "ఆనాటిది ఇదే."

పేరమ్మ పొయ్యి దగ్గర చతికిలబడి, ముంజేత్తో నుదుటి చెమట తుడుచుకుంది.

అప్పుడే ఏడో వాకిలి దాటి ముద్ర వేసిన గిన్నె వచ్చింది. తిప్పన దాన్ని రాజు ముందు పెట్టి మూత తీశాడు. "ఇదీ రుచి చూడండి ప్రభూ."

రాజు తిన్నాడు. మొహం చిట్లించాడు. "ఇది భట్టుగారి పచ్చడి. రోజూ తినేదే."

"కాదు ప్రభూ. ఇందాక తమ ఎదుటనే ఈ రోట్లోంచి తీసింది. అదే కాయ, అదే ఉప్పు, అదే చెయ్యి. అది రోట్లోంచి తమ నోట్లోకి వచ్చింది. ఇది నేను తింటున్నంతసేపూ మూత కింద మగ్గి, ఏడుగురు కాపలావాళ్ళకు దండం పెట్టి వచ్చింది. ఈలోగా ముక్క నీరు వదిలేసింది. ఇందాక తగినంత ఉన్న ఉప్పు ఇప్పుడు తగినంత కాదు. పేరమ్మ దాచిందేమీ లేదు."

భట్టు నిండిపోయిన తాటాకును మెల్లగా వీపు వెనక్కి చేర్చాడు.

"అంటే ఇన్నేళ్ళూ నేను చల్లన్నం తిన్నానా?" అన్నాడు రాజు.

"బంగారు పళ్ళెంలో, ప్రభూ."

రాజు తొట్టివంక చూశాడు. గిన్నె ఇంకా సగమైనా మునగలేదు. "మరి ఇప్పుడు నేను గడియ గడవకముందే తినేశాను. విషం సంగతేమిటి?"

"దానికీ దారి ఉంది ప్రభూ. పద్ధతి మార్చనక్కరలేదు, వరస మారిస్తే చాలు. ఇకనుంచి తమరు ముందు తినండి. గడియ సేపు నేను ఎదురుచూస్తాను. తమరు క్షేమంగా ఉంటే అప్పుడు నేను తింటాను."

సేనాపతి చెయ్యి కత్తి పిడి మీదికి వెళ్ళింది. కాని ఆ పాటికే రాజు నవ్వడం మొదలుపెట్టాడు. ముందు చిన్నగా, తర్వాత భుజాలు కదిలేలా, ఆఖరికి రోలు పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. రాజు నవ్వగా చూసి సభ నవ్వింది. భట్టు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

"నువ్వు నా పక్కనే విస్తరి వేసుకుని కూర్చో. ఒకే రోట్లోది, ఒకే కుండలోది ఇద్దరం కలిసి తిందాం. పోతే ఇద్దరం పోదాం" అన్నాడు రాజు. మెడలో ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశాడు. జప్తు శాసనం తెప్పించి తనే పొయ్యిలో పడేశాడు. పేరమ్మ ఇంటి వెనక కాలవగట్టు పొడవునా ఉన్న దోసమడి ఆవిడకు పన్ను లేకుండా రాసిమ్మన్నాడు.

"భట్టుగారు నెల రోజులు మీ ఇంట్లో ఉండి తగినంత అంటే ఏమిటో నేర్చుకుంటారు" అన్నాడు పేరమ్మతో.

"ఉండనివ్వండి ప్రభూ. కాని త్రాసు ఇక్కడ వదిలి రమ్మనండి. పచ్చడి బండ పట్టాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి" అంది పేరమ్మ.

"ఇంకేమైనా కావాలా?"

"ఎడ్లబండి కావాలి. రోలు ఇప్పుడే ఇంటికి చేరాలి. పొద్దున్నే సంతకు పోయేవాళ్ళు అన్నానికి వస్తారు."

రాజు బండి కట్టమన్నాడు. నలుగురు రోలు ఎత్తుతుంటే చూస్తూ నిలబడి, చిన్నపిల్లవాడిలా అడిగాడు. "రేపేమిటి పచ్చడి?"

"వంకాయ కాల్చి చేస్తాను" అంది పేరమ్మ కొంగు విప్పి దులుపుకుంటూ. "తినాలని ఉంటే పొద్దుగుంకకముందే రండి. ఆలస్యమైతే ఎవరి కోసమూ పొయ్యి ఆరకుండా ఉంచను. రోలు మాత్రం మళ్ళీ ఇక్కడికి రాదు ప్రభూ."

"వస్తాను" అన్నాడు మాణిక్యరాయలు. మర్నాడు పొద్దుగుంకకముందే, సంతనుంచి తిరిగివచ్చేవాళ్ళ పంక్తిలో, సేనాపతికంటే ముందుగా వచ్చి పీట వేసుకుని కూర్చున్నాడు.